రైఫిల్ ప్రాక్టీసుకు ఉక్కు పలక: ఏ ప్లేటు, ఎలా వేలాడదీయాలి?

టెక్సాస్‌లో మిత్రుడి రాంచ్‌లో 100 నుంచి 300 గజాల్లో .308, .223 (తూటా సైజులు) రైఫిళ్లతో కొట్టాలి, పాత ఎమ్మెస్ (మైల్డ్ స్టీల్, అంటే మామూలు ఉక్కు) ప్లేటుకి గొలుసు వెల్డింగ్ చేయిస్తే సరిపోతుందా అని అడిగారు. సరిపోదండి. ఆ ప్లేటు పక్కన పడేయండి.

ఎమ్మెస్ మెత్తన. తూటా తగిలినచోటల్లా గుంట పడుతుంది. ఇంకో తూటా ఆ గుంటలోకి వెళ్తే సీసం, రాగి ముక్కలు గుంట అంచుకి తిరిగి మీ వైపే వస్తాయి. అదే నున్నటి గట్టి పలకైతే తూటా పిండైపోయి, పలక ముఖం వెంబడి చుట్టూ చిమ్ముతుంది. అందుకే ఏఆర్500 అనే గట్టి ఉక్కు పలక తీసుకోండి, దాని బ్రినెల్ కాఠిన్యం (లోహం గట్టిదనానికి కొలత) 500 దరిదాపుల్లో ఉంటుంది. మీ రైఫిళ్లకు 3/8 అంగుళాల మందం చాలు. 10 అంగుళాల గుండ్రటి పలక నాలుగు కిలోలకు కాస్త తక్కువే తూగుతుంది.

బెజ్జాలు వేసి ఉన్నదే కొనండి. మామూలు డ్రిల్ బిట్ దాని మీద జారుతుంది తప్ప దిగదు. మన ఊరి షాపుల్లోలాగా గ్యాస్ కట్టర్‌తో బెజ్జం కొట్టించినా, గొలుసు వెల్డింగ్ చేయించినా వేడి తగిలిన మేర ఉక్కు మెత్తబడి, మళ్లీ గుంటల కథే.

ఇక వేలాడదీయడం. అసలు పనంతా ఇక్కడే ఉంది. పలక నిటారుగా ఉండకూడదు, ముఖం 15–20 డిగ్రీలు నేలవైపు వాలాలి. దానికి స్టాండు వంచక్కర్లేదు. అర అంగుళం క్యారేజ్ బోల్టును ముందు నుంచి దూర్చండి, గుండ్రటి తల మీ వైపు ఉండాలి. పలక వెనక అంగుళం పొడవు పైపు ముక్క తొడిగి, ఆ తర్వాత గొలుసు లింకు, పెద్ద వాషరు, నైలాక్ నట్టు (లోపల నైలాన్ రింగు ఉండి ఊడిరాని నట్టు). లింకు కదిలేంత వదులు ఉంచండి. గొలుసు పలకకు వెనగ్గా పట్టుకుంటుంది కాబట్టి పలక బరువు గొలుసు కిందకు రావాలని చూస్తుంది. పలక అడుగుభాగం వెనక్కి పోయి పైభాగం ముందుకొస్తుంది. పైగా గొలుసు పలక చాటున ఉంటుంది, అంచు నుంచి చిమ్మే ముక్కలు దాన్ని కొరకవు. గొలుసును పలకతో సమంగా కడితే త్వరలోనే తెగుతుంది.

స్టాండుకు సాహార్స్ బ్రాకెట్లు (కర్ర కాళ్లను అడ్డకర్రకు బిగించే ఇనుప పట్టీలు), టూ బై ఫోర్ సైజు చెక్క కర్రలు చాలు. కాళ్లు పలకకు అడుగైనా ఎడంగా పెట్టండి. ఎలాగూ చీలికలవుతాయి, చవక కనుక మార్చేయొచ్చు. ఇనుప స్టాండు మీద మోజు పడకండి, గురితప్పిన తూటా దాని మీద ఎటు తిరుగుతుందో చెప్పలేం. వెనక మట్టి కట్ట తప్పనిసరి.

.223 తో 100 గజాల లోపు వద్దు. పలక ఎంత గట్టిదైనా దగ్గర్లో ఆ వేగానికి గుంట పడుతుంది. గ్రీన్ టిప్ (మొనకు ఆకుపచ్చ రంగు ఉండే తూటాలు) అసలే వద్దు: లోపలి ఉక్కు మొన పలకను పొడుస్తుంది, నిప్పురవ్వలు లేస్తాయి, ఆగస్టు ఎండుగడ్డిలో చాలా ప్రమాదం. చూడ్డానికొచ్చిన వాళ్లతో సహా అందరికీ సేఫ్టీ కళ్లద్దాలుండాలి.

ప్రతిసారీ మొదలెట్టే ముందు పలక ముఖాన్ని వేలితో తడిమి చూడండి. గోరు దిగబడే గుంట తగిలినా, అంచున పగులు కనిపించినా ఆ పలక తుక్కుకే. కాస్త వంగిందంతే అయితే తిప్పి కట్టుకోవచ్చు. చివరగా చవక రకం తెల్ల స్ప్రే పెయింటు కొట్టండి, 300 గజాల్లో కూడా స్కోపులో దెబ్బ బూడిదరంగు మచ్చగా కనిపిస్తుంది.