కట్టెల పొయ్యి: మసి, పొగ, బూడిద... మీరడిగినవి

ఇల్లు వెచ్చబెట్టుకునే ఇనుప కట్టెల పొయ్యి గురించి వచ్చిన ప్రశ్నలివి. తలుపు, అద్దం, గాలి మీట, పైకప్పు దాటి పోయే పొగగొట్టం ఉన్న పొయ్యిలకే ఈ జవాబులు వర్తిస్తాయి. ఒకే తీరు ప్రశ్నలను కలిపేశాం. మీ పొయ్యితో వచ్చిన పుస్తకంలో కొలత వేరుగా ఉంటే దాన్నే పాటించండి.

ప్రశ్న: పడుకునే ముందు పొయ్యి నిండా మొద్దులు పేర్చి గాలి పూర్తిగా మూసేస్తాం. తెల్లారేదాకా నిప్పు ఉంటుంది. కానీ అద్దం నల్లగా అయిపోతోంది. గొట్టం విప్పి చూస్తే లోపల నల్లటి నిగనిగలాడే పూత. బ్రష్షుతో ఎంత రుద్దినా పోవడం లేదు. ఏం చేయాలి?

జవాబు: ముందుగా ఆ పూత తీయించేదాకా పొయ్యి వెలిగించకండి. అద్దం మీది నలుపూ గొట్టంలోని పూతా ఒకే కారణంతో వచ్చినవి. నిప్పుకు గాలి చాలడం లేదు.

కట్టె వేడెక్కితే ముందు ఆవిరి, ఆ వెనక మండే వాయువులు, తారు తుంపరలు బయటికొస్తాయి. కట్టెలోని శక్తిలో సగానికి పైగా ఈ వాయువుల్లోనే ఉంటుంది. అవి అంటుకోవాలంటే పొయ్యిలో సుమారు 600 డిగ్రీల సెల్సియస్ వేడి ఉండాలి, గాలి సరిపడా అందాలి. మీట మూసేస్తే మంట చచ్చిపోతుంది, కట్టె మాత్రం కుములుతూనే ఉంటుంది. కాలని పొగ నెమ్మదిగా గొట్టం ఎక్కుతుంది. ఆ పొగ దాదాపు 120 డిగ్రీలకంటే చల్లబడిన చోట గొట్టం గోడకు అంటుకుపోతుంది. దాన్నే క్రియోసోట్ అంటారు.

ఇది మూడు రకాలుగా కనిపిస్తుంది. మెత్తటి మసిగా ఉంటే బ్రష్షు తగలగానే రాలుతుంది. పెళుసు పెచ్చులుగా ఉంటే గట్టి బ్రష్షు కావాలి. మీరు చూసింది మూడోది: కరిగిన తారు పోసి ఆరబెట్టినట్టు నున్నగా, టార్చి వేస్తే మెరుస్తూ ఉంటుంది. దీనికి బ్రష్షు పనికిరాదు. చిమ్నీ శుభ్రం చేసే నిపుణులు తిరుగుడు పనిముట్లతో గానీ, దాన్ని పొడిబారేలా చేసే మందులతో గానీ తీస్తారు. ఒక్కోసారి లోపలి గొట్టాన్నే మార్చాల్సి వస్తుంది. మీరే సుత్తితో కొట్టకండి, మట్టి గొట్టమైతే పగులుతుంది. పెద్ద మంట వేసి కాల్చేద్దామని ఎవరైనా చెప్తే అస్సలు వినకండి. చిమ్నీలో అగ్నిప్రమాదం అంటే సరిగ్గా అదే.

ఇక రాత్రికి నిప్పు నిలవాలంటే ఇలా చేయండి. పడుకోవడానికి గంట ముందే గాలి పూర్తిగా తెరిచి, నిప్పులను తలుపు వైపుకు లాగి, వాటి వెనక ఎండిన లావు పేళ్లు రెండో మూడో పెట్టండి. ప్రతి పేడూ అన్ని వైపులా నల్లబడి, మంట బాగా పట్టేదాకా 15 నుంచి 20 నిమిషాలు ఆగండి. అప్పుడు మీటను కొంచెం కొంచెంగా తగ్గించండి. అద్దంలో మంట కదులుతూ కనబడాలి. మంట ఆరిపోయి పొగ మాత్రమే సుళ్లు తిరుగుతుంటే మరీ తగ్గించేశారన్నమాట. తెల్లవారేసరికి నివురు కింద నాలుగు నిప్పులు మిగిలితే చాలు, ఎండు పుల్లలు వేస్తే మళ్లీ రాజుకుంటాయి. గది కాస్త చల్లబడినా ఫరవాలేదు. రాత్రంతా కుమిలే పొయ్యి మాత్రం వద్దు.

ఒంటిపొర గొట్టమైతే, పొయ్యికి సుమారు 45 సెంటీమీటర్ల పైన అయస్కాంతంతో అతుక్కునే థర్మామీటరు పెట్టుకోండి. ముల్లు 120, 240 డిగ్రీల మధ్య ఉంటే నిప్పు సరిగ్గా ఉన్నట్టు. ఎక్కువసేపు 120కి కిందే ఉంటే తారు పడుతోంది. 240 దాటి పైకి పోతుంటే గాలి తగ్గించాలి. రెండు పొరల గొట్టానికి ఈ అయస్కాంతపు రకం పనికిరాదు, లోపలికి గుచ్చే రకం కావాలి.

ప్రశ్న: ఎండు కట్టెలే అని చెప్పి అమ్మారు. పొయ్యిలో పెడితే సుయ్యిమంటూ చివర్ల నుంచి నురగ వస్తోంది. ఎండాయో లేదో ఎలా తెలుస్తుంది?

జవాబు: నురగ వచ్చిందంటే అవి పచ్చివే. అప్పుడే నరికిన కట్టె బరువులో దాదాపు సగం నీరే ఉంటుంది. ఒక లీటరు నీటిని ఆవిరి చేయడానికి సుమారు 0.7 యూనిట్ల (కరెంటు బిల్లులో లెక్కేసే కిలోవాట్ అవర్ల) వేడి ఖర్చవుతుంది. బాగా ఎండిన కిలో కట్టె ఇచ్చే వేడి 4 యూనిట్లు. పచ్చి కట్టె ముందు తన నీటినే కాచుకోవాలి, ఆ తర్వాతే మీ గదికి వేడి. ఈలోగా పొగ చల్లబడి, పైన చెప్పిన తారు మొదలవుతుంది.

పొయ్యిలో పెట్టే కట్టెలో చెమ్మ 20 శాతానికి మించకూడదు. చెమ్మ కొలిచే చిన్న మీటరు దొరుకుతుంది. చాలామంది దాన్ని కట్టె చివరనో బెరడు మీదో గుచ్చుతారు. అక్కడ ఎప్పుడూ ఎండినట్టే చూపిస్తుంది. ఒక పేడును అప్పటికప్పుడు రెండుగా చీల్చి, చీలిన లోపలి ముఖం మీద నడిమధ్యలో, నారల వెంబడి ముళ్లు గుచ్చి చూడండి. మీటరు లేకపోతే రెండు పేళ్లు ఒకదానితో ఒకటి కొట్టండి. ఎండినవి ఖంగుమంటాయి, పచ్చివి దబ్బుమంటాయి. చివర్లలో మధ్య నుంచి అంచుకు నెర్రెలు విచ్చి ఉండటం, బెరడు ఊడిరావడం మంచి గుర్తులు. కానీ ఇవి అంచనాకే.

ఎండబెట్టాలంటే చీల్చడమే అసలు పని. మొద్దును మొద్దుగా ఉంచితే బెరడు చెమ్మను బయటికి పోనివ్వదు. 8 నుంచి 15 సెంటీమీటర్ల మందాన పేళ్లు చేసి, నేలకు తగలకుండా దుంగల మీద పేర్చండి. పైన మాత్రం కప్పి పక్కలు వదిలేయండి. చుట్టూ పట్టా చుట్టేస్తే లోపల చెమ్మ పట్టి బూజొస్తుంది. మెత్తని కర్రకు ఆరు నెలల నుంచి ఏడాది, చేవగల గట్టి కర్రకు ఏడాది నుంచి రెండేళ్లు పడుతుంది. మీ దగ్గరున్నవి వచ్చే ఏటికి పేర్చి పెట్టుకోండి.

ప్రశ్న: వెలిగించేటప్పుడూ తలుపు తీసినప్పుడూ పొగంతా గదిలోకి తన్నుకొస్తోంది. గొట్టం శుభ్రంగానే ఉంది.

జవాబు: చల్లటి గొట్టంలో చల్లగాలి బరువుగా కూర్చుంటుంది. పొగ దాన్ని నెట్టలేక వెనక్కి వస్తుంది. వెలిగించే ముందు ఒక కాగితం ఉండచుట్టి, పైనున్న బ్యాఫిల్ పలక (పొగ నేరుగా గొట్టంలోకి పోకుండా అడ్డుగా ఉండే పలక) పక్క సందు దగ్గర పట్టుకుని కాల్చండి. మంట పైకి లాగుతుంటే దారి తెరుచుకున్నట్టే.

తర్వాత నిప్పును పైనుంచి కిందికి పేర్చండి. అడుగున రెండు మూడు పేళ్లు సందులిచ్చి, వాటిపై అడ్డంగా సన్నవి, ఆపైన బొటనవేలి లావు ఎండు పుల్లలు పదో పన్నెండో, శిఖరాన చిదుగులూ కాగితమూ. వెలిగించేది పైన. పొగ మంటలోంచే పోవాలి కాబట్టి అక్కడే కాలిపోతుంది, గొట్టం కూడా త్వరగా వేడెక్కుతుంది. మొదటి 5, 10 నిమిషాలు తలుపు ఒక వేలు సందు తెరిచి ఉంచవచ్చు, మీరు అక్కడే ఉంటేనే. కిరోసిన్, పెట్రోలు చుక్క కూడా వద్దు.

కట్టెలు వేసేటప్పుడు ముందు గాలి మీట పూర్తిగా తెరిచి ఒక నిమిషం ఆగండి. తలుపు వేలు సందు తీసి పది లెక్కపెట్టి, అప్పుడు నెమ్మదిగా తెరవండి. ఒక్కసారిగా లాగితే పొగతోపాటు మంట కూడా ముఖం మీదికి రావచ్చు.

ఇవన్నీ చేసినా తగ్గకపోతే వంటగది, స్నానాల గది ఎగ్జాస్ట్ ఫ్యాన్లు ఆపి, పొయ్యికి దగ్గరి కిటికీ తెరిచి చూడండి. పొగ ఆగిందంటే ఇంట్లోకి గాలి చాలడం లేదు. పొయ్యికి బయటి నుంచి వేరే గాలిదారి పెట్టించండి. కిటికీ తెరిచినా తేడా లేకపోతే చిమ్నీ ఎత్తు కొలిపించండి. కప్పును దాటే చోటి నుంచి కనీసం 90 సెంటీమీటర్లు, చుట్టూ 3 మీటర్లలో ఉన్న దేనికన్నా 60 సెంటీమీటర్లు ఎత్తుగా ఉండాలి.

ప్రశ్న: పొయ్యి వాడి రెండు రోజులైంది. బూడిదను ప్లాస్టిక్ బకెట్లో ఎత్తిపోయవచ్చా?

జవాబు: వద్దు. నివురుగప్పిన నిప్పు అనే మాట ఊరికే పుట్టలేదు. బూడిద నిప్పులకు దుప్పటి లాంటిది, లోపలి కణిక రోజుల తరబడి సజీవంగా ఉంటుంది. మూత గట్టిగా పట్టే లోహపు డబ్బాలోకి ఎత్తి, ఇంటికి కనీసం 3 మీటర్ల దూరంలో, చెక్క కాని నేల మీద పెట్టండి. వాక్యూమ్ క్లీనరు, కాగితపు సంచి, చెత్తబుట్ట వద్దు. పొయ్యి అడుగున 2 సెంటీమీటర్లు బూడిద మాత్రం ఉంచేయండి, దానిపై నిప్పు బాగా నిలుస్తుంది.

ప్రశ్న: చిమ్నీలో మంట లేస్తే ఎలా తెలుస్తుంది? నీళ్లు పోయాలా?

జవాబు: గొట్టంలోంచి రైలు పోతున్నట్టు హోరు, గొట్టం వణకడం, ఎర్రబారడం, పైన నిప్పురవ్వలు. లోపలి వేడి 1000 డిగ్రీలు దాటగలదు. వెంటనే తలుపు, గాలి మీట, గొట్టంలో డ్యాంపరు (పొగదారిని మూసే రేకు) ఉంటే అదీ మూసేయండి. ఇంట్లోవాళ్లందరినీ బయటికి పంపి ఫైర్ స్టేషనుకు ఫోన్ చేయండి. హోరు తగ్గిపోయినా చేయాల్సిందే. గొట్టం చుట్టూ ఉన్న చెక్క గోడల లోపల, అటకలో కనబడకుండా రాజుకుంటూ ఉండొచ్చు. పొయ్యిలోనో గొట్టంలోనో మీరు నీళ్లు పోస్తే కాగిన ఇనుము, మట్టి గొట్టం పగులుతాయి, ఆవిరి ఎగజిమ్ముతుంది. తర్వాత నిపుణుడు లోపలంతా కెమెరాతో చూసేదాకా మళ్లీ వెలిగించకూడదు.

ఇది రాకుండా ఏడాదికి ఒకసారైనా చిమ్నీని తనిఖీ చేయించాలి. ఆ లోపే పూత 3 మిల్లీమీటర్లకు చేరితే శుభ్రం చేయించాలి. మీరే చేసుకుంటే బ్రష్షు గొట్టం కొలతకు సరిగ్గా సరిపోవాలి, కడ్డీలను ఎప్పుడూ కుడివైపుకే తిప్పాలి. ఎడమకు తిప్పితే మర విప్పుకుని బ్రష్షు గొట్టంలోనే ఉండిపోతుంది. పని అయ్యాక బ్యాఫిల్ పలక మీద చేరిన మసి తీయడం చాలామంది మర్చిపోతారు. అక్కడ మసి పేరుకుంటే పొగదారి మూసుకుపోతుంది.

ప్రశ్న: పొయ్యి వెనక గోడ చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతోంది. పైన పలకరాయి అతికించాం కదా, సరిపోదా?

జవాబు: సరిపోదు. రాయి కాలదు, నిజమే. కానీ గోడకు నేరుగా అతికించిన రాయి వేడిని వెనకున్న చెక్కకు అందిస్తుంది. ఏళ్ల తరబడి వేడి తగిలిన చెక్క లోలోపల మాడి, మామూలు కంటే తక్కువ వేడికే అంటుకుంటుంది. పదేళ్లుగా ఏమీ కాలేదన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు.

పొయ్యి మీద దూరాల పట్టిక లేకపోతే కాలే వస్తువులన్నిటికీ 90 సెంటీమీటర్లు, ఒంటిపొర గొట్టానికి 45 సెంటీమీటర్లు వదలండి. స్థలం లేకపోతే లోహపు రేకును గోడకు 25 మిల్లీమీటర్ల ఎడంగా, కాలని గుబ్బల మీద నిలబెట్టండి. కిందా పైనా సందు తెరిచే ఉండాలి. ఆ సందులో గాలి పైకి లేస్తూ వేడిని మోసుకుపోతుంది. సందు మూసేస్తే రేకు పెట్టినా పెట్టనట్టే.

ప్రశ్న: గాలి మూసినా మంట తగ్గడం లేదు.

జవాబు: గాలి దూరకుండా తలుపు చుట్టూ గాడిలో అతికించిన, వేడికి కాలని తాడు అరిగి ఉంటుంది. పొయ్యి చల్లగా ఉన్నప్పుడు తలుపు సందులో ఒక కాగితం ముక్క పెట్టి మూసి లాగండి. పట్టి ఉండాలి. సులువుగా జారి వస్తే అక్కడ గాలి దూరుతోంది. నాలుగు వైపులా ఇలాగే చూడండి. ముందు తలుపు గొళ్లెం బిగించి చూసి, అప్పటికీ జారితే తాడు మార్చండి. పాత తాడు పీకి, గాడిలోని పాత జిగురును తీగ బ్రష్షుతో పూర్తిగా గీకేయండి. అదే లావు కొత్త తాడును వేడికి తట్టుకునే జిగురుతో పరచండి. సాగదీయకండి, సాగితే సన్నబడుతుంది. తలుపు మూసి రాత్రంతా వదిలేసి, మర్నాడు చిన్న మంటతో మొదలుపెట్టండి.

ప్రశ్న: పొయ్యి వెలిగించిన రోజు సాయంత్రానికి ఇంట్లో అందరికీ తలనొప్పి. పొగ మాత్రం కనబడదు.

జవాబు: ఈ ప్రశ్నకు జవాబు అచ్చయ్యేదాకా ఆగి ఉండరని ఆశిస్తున్నాం. అది కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు కావచ్చు. రంగు, వాసన లేనిది. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, తలతిరుగుడు, వికారం వచ్చి బయటికి వెళ్తే తగ్గుతున్నాయంటే దాదాపు అదే. వెంటనే అందరూ బయటికి రండి, వైద్య సహాయం పిలవండి, గొట్టం తనిఖీ అయ్యేదాకా పొయ్యి వాడకండి. పొయ్యి ఉన్న గదిలో, పొయ్యికి ఒకటి నుంచి 3 మీటర్ల దూరంలో ఒక అలారం, పడకగదుల దగ్గర మరొకటి పెట్టండి. అలారానికీ ఆయుష్షు ఉంటుంది, దాని వెనక వేసిన తేదీ దాటితే మార్చేయండి.

ప్రశ్న: పాత కిటికీల చెక్క, ప్లైవుడ్ ముక్కలు వేయవచ్చా?

జవాబు: రంగు వేసినవి, జిగురుతో అతికినవి, చెదలు పట్టకుండా మందు పెట్టినవి ఏవీ వేయవద్దు. పాత మందు చెక్కలో ఆర్సెనిక్ అనే విషం ఉండవచ్చు, కాల్చితే అది పొగలోకీ బూడిదలోకీ చేరుతుంది.

ప్రశ్న: చలికాలం అయిపోయాక పొయ్యిని అలాగే వదిలేయవచ్చా?

జవాబు: బూడిదను మాత్రం వదలకండి. అది గాలిలోని చెమ్మను పీల్చి పట్టి ఉంచుతుంది, ఇనుముకు తుప్పు పడుతుంది. ఈసారికి అడుగు పొర కూడా ఉంచకుండా పూర్తిగా ఊడ్చేయండి. గొట్టం శుభ్రం చేయించండి. లోపలి ఇటుకలు చూడండి: సన్నని పగులు ఉన్నా కదలకుండా ఉంటే ఫరవాలేదు, పొడిపొడిగా రాలుతుంటే మార్చాలి. అద్దాన్ని తడి కాగితానికి కొంచెం మెత్తని బూడిద అద్ది తుడవండి. గాలి మీట తెరిచి, తలుపు కొంచెం ఓరగా తెరిచి ఉంచితే లోపల గాలి ఆడి తుప్పు పట్టదు. మళ్లీ వెలిగించే ముందు చిమ్నీ టోపీలో పక్షిగూడు ఉందేమో చూసి, ఆ తర్వాతే అగ్గిపుల్ల గీయండి.