సఖి కేంద్రంలో చేరిన మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి అత్తయ్య ఆశీస్సులు.

హింసకు గురైన ఆడవాళ్లను ఆదుకునే సఖి కేంద్రంలో కేస్ వర్కర్‌గా చేరావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. చాలా సంతోషం తల్లీ. స్త్రీల వసతిగృహంలో వార్డెనుగా పనిచేసినదాన్ని కనుక, నీకు పనికొస్తాయనుకున్న సంగతులు రాస్తున్నాను.

అర్ధరాత్రి పిల్లలను వెంటబెట్టుకుని వచ్చిన మనిషిని ప్రశ్నలతో ఊపిరాడకుండా చేయకు. దెబ్బలు తగిలాయా, పిల్లలు ఏమైనా తిన్నారా, ముందు ఇవి చాలు. అన్నం పెట్టించు. తలుపుకు లోపలి నుంచి గడియ ఎలా పడుతుందో చూపించు. పిల్లలకు బాత్రూము చూపించి, అటువైపు లైటు వెలుగుతూ ఉండనివ్వు. కొత్తచోట చీకట్లో లేవడానికి భయపడి పక్క తడిపిన పిల్లవాడు తెల్లవారి ఎవరి ముఖమూ చూడలేడు.

ఒక్క ప్రశ్న మాత్రం ఆ రాత్రే అడగాలి: గొంతు నొక్కాడా? అడగనిదే చాలామంది చెప్పరు. పైకి ఏ గుర్తూ లేకపోయినా లోపల దెబ్బ ఉండవచ్చు, వెంటనే డాక్టరుకు చూపించాలి. గొంతు మీద చెయ్యి వేసినవాడు చంపడానికీ వెనుకాడకపోవచ్చు. ఆమె మీ దగ్గర ఉందని ఫోనులో ఎవరికీ చెప్పకు, ఆమె అన్నయ్యనని చెప్పుకున్నా సరే. ఆమె ఫోనులోనూ, పిల్లలు ఆడుకునే ఫోనులోనూ లొకేషన్ ఆపించు.

ఇలాంటి చోట్ల తల్లితో ఉండే మగపిల్లలకు వయసు పరిమితి ఉంటుంది. ఎదిగిన కొడుకును బయట వదిలి రమ్మంటే ఏ తల్లీ లోపలికి రాదు, గేటు దగ్గరి నుంచే వెనక్కి వెళ్లిపోతుంది. అలాంటి అబ్బాయికి ఎక్కడ చోటు దొరుకుతుందో బాలల సంక్షేమ కమిటీతో ఇప్పుడే మాట్లాడి ఉంచుకో. పిల్లల చదువు గురించి కూడా తల్లులు బెంగపడతారు. విద్యాహక్కు చట్టం ప్రకారం టీసీ ఆలస్యమైందన్న కారణంతో బడిలో చేర్చుకోకుండా ఉండకూడదు. ఆ మాట హెడ్‌మాస్టరుతో నువ్వే వెళ్లి చెప్పు.

'గడప దాటి వచ్చేశాను, ఇక ఆ ఇంటి మీద నాకేం హక్కు?' అని దాదాపు అందరూ అడుగుతారు. 2005 నాటి గృహహింస చట్టం ఆమెకు ఆ ఇంట్లో ఉండే హక్కు ఇచ్చింది. బయటికి వచ్చినంత మాత్రాన అది పోదు. మేజిస్ట్రేటుకు దరఖాస్తు పెడితే మామూలుగా 3 రోజుల్లో అది మొదటి విచారణకు రావాలి. వకీలు ఖర్చు గురించి దిగులు వద్దు, ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. ఆ చట్టం కింద సాయపడే రక్షణాధికారికి వెళ్లే నివేదికలో 'భర్త కొట్టాడు' అని ఒక్క ముక్కతో సరిపెట్టకు. ఎప్పుడు, దేనితో, ఎవరు చూశారు, అన్నీ ఆమె మాటల్లోనే రాయి. జీతం లాక్కోవడం, ఏటీఎం కార్డు దాచేయడం కూడా ఆ చట్టంలో హింసే.

సఖిలో ఉండనిచ్చేది మామూలుగా 5 రోజులే. కనుక రెండో రోజునే, ఇంకా ఎక్కువ కాలం ఉండనిచ్చే వసతిగృహమైన శక్తి సదన్‌లో ఖాళీ ఉందో లేదో కనుక్కో. ఈలోగా పెద్దమనుషులు వస్తారు, పిల్లల ముఖం చూసి సర్దుకుపొమ్మంటారు. ఆమె ఇష్టపడితేనే, నువ్వు పక్కన ఉండగానే మాట్లాడనివ్వు. రాజీ కాగితం మీద ఆ పూటే సంతకం చేయనివ్వకు, ముందు వకీలు చదవాలి.

ఇంత చేసినా కొందరు తిరిగి ఆ ఇంటికే వెళతారు. కోప్పడకు తల్లీ. కోప్పడితే, మళ్లీ దెబ్బలు తిన్ననాడు నీ దగ్గరికి రావడానికి మొహం చెల్లదు. వెళ్లేముందు ఆధార్, బ్యాంకు పుస్తకం, పిల్లల పుట్టినతేదీ పత్రాల జెరాక్సులు తీయించి, ఆమె నమ్మినవాళ్ల దగ్గర పెట్టించు. మహిళల హెల్ప్‌లైన్ 181 నంబరు ఆమె ఫోనులో వేరే పేరుతో దాచిపెట్టు. ఊహ తెలిసిన పిల్లలుంటే వాళ్లకు అత్యవసర నంబరు 112, పిల్లల హెల్ప్‌లైన్ 1098 కంఠతా వచ్చేదాకా చెప్పించు.

మీ అత్తయ్య