బరువు తగ్గే ఆపరేషన్ గురించి, చేయించుకున్న మనిషిగా నా జవాబు

తమ్ముడూ, మీ అక్క గురించి రాసింది చదివాను. 34 ఏళ్లు, 157 సెంటీమీటర్ల ఎత్తు, 112 కిలోలు, షుగర్, పీసీఓడీ, పక్క గదిలోకి వినపడే గురక. డాక్టరు గారు గ్యాస్ట్రిక్ బైపాస్ చేయించమన్నారు. ఇంట్లో పెద్దవాళ్లేమో "నోరు కట్టుకుంటే పోయేదానికి పొట్ట కోయించుకోవడం దేనికి" అంటున్నారు. ఈ ఆపరేషన్‌తో నిజంగా జీవితం మారుతుందా, బరువు తగ్గించే ఇంజెక్షన్లు చాలవా అని అడిగారు.

నేను చేయించుకున్నది అదే ఆపరేషన్. మాది సఖినేటిపల్లి. రోజూ పంటు (పెద్ద పడవ) మీద గోదావరి దాటి నర్సాపురం వెళ్లి లేసు గోడౌన్లో సరుకు చూస్తాను. ఆపరేషన్ నాటికి నా బరువు 118, ఇన్సులిన్ మీద ఉన్నాను. మారుతుందండీ, చాలా మారుతుంది. ఆ మార్పు ఏళ్ల తరబడి నిలబడాలంటే మాత్రం ఇంట్లోవాళ్లు కలిసిరావాలి. అందుకే ఈ జవాబు మీ అక్క కంటే మీకే ఎక్కువ రాస్తున్నాను.

ముందు పెద్దవాళ్ల మాట చూద్దాం. మీ అక్క నోరు కట్టుకునే ఉంటుంది, అదీ ఎన్నోసార్లు. ఆ బరువు దగ్గర తిండి తగ్గించగానే ఒళ్లు ఎదురు తిరుగుతుంది. ఆకలి పుట్టించే హార్మోన్ పెరుగుతుంది, ఒంట్లో కేలరీల ఖర్చు పడిపోతుంది, కష్టపడి తగ్గిన కిలోలు చాలామందికి తిరిగి వచ్చేస్తాయి. దాన్ని బద్ధకం అనడం అన్యాయం. మీరు చెప్పిన ఎత్తు, బరువులకి బీఎంఐ, అంటే ఎత్తుకి బరువు ఎంత ఎక్కువో చూపే లెక్క, 45 వస్తుంది. బీఎంఐ 35 దాటితే వేరే జబ్బు లేకపోయినా ఆపరేషన్ సిఫారసు చేయవచ్చని ఈ ఆపరేషన్లు చేసే సర్జన్ల అమెరికా, అంతర్జాతీయ సంఘాలు 2022లో చెప్పాయి. మన ఆసియా వాళ్లకి తక్కువ బరువుకే షుగర్, గుండె జబ్బులు వస్తాయి కాబట్టి 27.5 నుంచే ఆలోచించమన్నాయి. కాబట్టి మీ డాక్టరు గారు ఎక్కువ చేసి చెప్పారని అనుకోకండి.

పొట్ట నిలువునా కోస్తారని మా ఇంట్లోనూ భయపడ్డారు. లాప్రోస్కోపీలో చిన్నచిన్న రంధ్రాలే పెడతారు. జీర్ణాశయం పైభాగంలో 30 మిల్లీలీటర్లు పట్టేంత చిన్న సంచిని విడదీసి, దాన్ని చిన్నపేగులో కాస్త కిందికి కలుపుతారు. తిన్నది పేగు మొదటి భాగంలోకి వెళ్లకుండా నేరుగా కిందికి చేరుతుంది. దాంతో పేగు నుంచి జీఎల్‌పీ-1 లాంటి హార్మోన్లు ఎక్కువ వస్తాయి, ఆకలి తగ్గుతుంది, ఇన్సులిన్ పని బాగుపడుతుంది. బరువు పెద్దగా తగ్గకముందే షుగర్ దిగేది ఇందుకే. నాకు ఆస్పత్రిలో ఉండగానే ఇన్సులిన్ యూనిట్లు తగ్గించారు, ఆ తర్వాత పూర్తిగా ఆపేశారు.

షుగర్ శాశ్వతంగా పోతుందని ఎవరైనా అంటే మాత్రం నమ్మొద్దు. అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ వాళ్లు 150 మంది షుగర్ పేషెంట్లతో చేసిన స్టడీ ఐదేళ్ల ఫలితాలు 2017లో వచ్చాయి. హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చూపే రక్తపరీక్ష) 6 లేదా అంతకంటే తక్కువకి వచ్చినవాళ్లు బైపాస్‌లో 29 శాతం, స్లీవ్ అనే ఇంకో రకం ఆపరేషన్‌లో 23 శాతం, మందులు మాత్రమే వాడినవాళ్లలో 5 శాతం. తేడా చాలా ఉంది, కానీ అందరికీ ఆ స్థాయికి రాలేదు. షుగర్ వచ్చి ఎక్కువ ఏళ్లయిన వాళ్లకి, ఇన్సులిన్ మీదున్న వాళ్లకి అవకాశం తక్కువ. మీ అక్కది చిన్న వయసు, షుగర్ కొత్తగా వచ్చినదైతే ఇంకా మంచిది. స్లీవ్ అంటే జీర్ణాశయంలో ముప్పావు వంతుకి పైగా తీసేసి గొట్టంలా ఉంచడం. దాని తర్వాత కొందరికి ఛాతీలో మంట, పులితేన్పులు ఎక్కువవుతాయి. మీ అక్కకి ఇప్పటికే ఆ బాధ ఉంటే సర్జన్‌కి ముందే చెప్పండి.

నా జీవితంలో మారింది చెప్తాను. పంటు దిగి రేవు గట్టు ఎక్కేసరికి నాకు ఊపిరి అందేది కాదు. ఫోన్ చూస్తున్నట్టు ఓ పక్కన నిలబడి, జనం వెళ్లిపోయాక మెల్లగా కదిలేదాన్ని. రాత్రి వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆగి లేచి కూర్చునేదాన్ని. స్లీప్ టెస్ట్ చేస్తే అది స్లీప్ ఆప్నియా అని తేలింది. ఇప్పుడు అందరితో పాటే గట్టు ఎక్కుతాను, తెల్లారేదాకా నిద్రపోతాను. గోడౌన్లో లేసు దుప్పట్లు చాప మీద పరిచి, కింద కూర్చుని కుట్టు కుట్టూ చూడగలుగుతున్నాను. ఇదివరకు ఆ పని నాకు ఇచ్చేవాళ్లు కాదు. బరువు 82 దాకా దిగి, మళ్లీ కొంచెం పెరిగి 86 దగ్గర ఆగింది. అలా కొంచెం పెరగడం మామూలేనని డాక్టర్లు ముందే చెప్పారు.

ఇక కష్టాలు. కుట్లు లీకవడం, రక్తం పోవడం, కాళ్లలో రక్తం గడ్డకట్టడం, ఇవి అరుదే కానీ ఉంటాయి. ప్రాణాపాయం వెయ్యి మందిలో ఒకరి నుంచి ముగ్గురి దాకా అంటారు. బి12, ఐరన్, కాల్షియం, డి విటమిన్ బిళ్లలు జీవితాంతం వేసుకోవాలి, ఏటా రక్తపరీక్ష చేయించాలి. బాగానే ఉన్నాను కదా అని బిళ్లలు మానేస్తే రెండు మూడేళ్లకి రక్తహీనత, కాళ్ల తిమ్మిర్లు రావచ్చు. మూడో నెల దాటాక నా జుట్టు దువ్వెన నిండా ఊడింది, ఏడాది లోపు మళ్లీ వచ్చింది. పొట్ట మీద, చేతుల కింద చర్మం వేలాడుతుంది. త్వరగా బరువు తగ్గితే పిత్తాశయంలో రాళ్లు వచ్చే అవకాశం ఉందని నాకు ఆరు నెలలు బిళ్లలు ఇచ్చారు. వాంతులు ఆగకుండా అవుతుంటే మాత్రం ఇంట్లో కూర్చోకూడదు. బి1 విటమిన్ పడిపోతే నరాలకి, మెదడుకి దెబ్బ.

మన ఊళ్లలో గట్టిగా గుర్తుంచుకోవాల్సింది ఇంకోటి ఉంది. మోకాలి నొప్పి అనగానే ఆర్‌ఎంపీ దగ్గరికెళ్లి డైక్లోఫెనాక్ సూదో బిళ్లో తీసుకోవడం మనకి అలవాటు. బైపాస్ తర్వాత ఆ రకం నొప్పి మందులు అల్సర్ తెస్తాయి. మీ ఊరి ఆర్‌ఎంపీకి మీరే వెళ్లి చెప్పండి.

పీసీఓడీ ఉందన్నారు కాబట్టి మీ అక్కకీ బావగారికీ తెలియాల్సిన విషయం కూడా రాస్తున్నాను. బరువు తగ్గుతుంటే నెలసరి సర్దుకుంటుంది, గర్భం త్వరగా నిలవచ్చు. కానీ ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా గర్భం రాకుండా జాగ్రత్తపడమంటారు. ఆ సమయంలో తల్లికే పోషకాలు చాలవు. "పిల్లలెప్పుడు" అని అడిగే చుట్టాలకి జవాబు ముందే అనుకోండి.

అన్నిటికంటే కష్టం తిండి దగ్గర వస్తుంది. మన గోదావరి జిల్లాల్లో ప్రేమంతా విస్తట్లోనే చూపిస్తాం. వద్దన్నవాళ్లకి ఇంకో గరిటె వేయడం మనకి మర్యాద. మొదటి వారాల్లో నేను మా పాప ఉగ్గుగిన్నెతో పప్పుకట్టు, పల్చటి మజ్జిగ గుక్క గుక్కగా తాగుతుంటే మా అమ్మ వంటింట్లోకి వెళ్లి కళ్లు తుడుచుకునేది. తన చేతి వంట నేను ఇక తిననని ఆవిడ బాధ. తర్వాత డైటీషియన్ దగ్గరికి ఆవిడనే తీసుకెళ్లాను. రోజుకి 60 గ్రాములైనా ప్రొటీన్ వెళ్లాలి, ఉడికించిన గుడ్డులో ఉండేది ఆరు గ్రాములే అని ఆ అమ్మాయి లెక్క చెప్పాక మా అమ్మ పట్టుదలగా దిగింది. చేప ముక్కకి ముళ్లు తీసి, నూనె తగ్గించి ఇగురు పెట్టేది. ముందు చేపో గుడ్డో పప్పో, చోటు మిగిలితే రెండు ముద్దల అన్నం. తినేటప్పుడు నీళ్లు తాగకూడదు, అరగంట ఆగాలి. గ్లాసు నా చేతికి అందకుండా ఆవిడే తీసేసేది.

చుట్టాల సంగతి వేరే. పాలకొల్లులో మా ఆడపడుచు కూతురి పెళ్లి. బంతిలో కూర్చున్నాను, వద్దన్నా ఆకు నిండిపోతోంది. మా ఆయన మేనత్త వచ్చి "ఏమ్మా, మా వంట నచ్చలేదా" అన్నారు. పక్కనే ఉన్న మా ఆయన, "తనకి డాక్టరు గారి లెక్క ఉంది అత్తా, తన వాటా నాకు వేయించు" అన్నారు. ఆ ఒక్క మాటతో నన్ను ఇంకెవరూ బలవంతపెట్టలేదు. ఇంకోచోట ఆయన లేనప్పుడు వ్రతం ప్రసాదం చేతినిండా పెట్టారు, కాదనలేక తిన్నాను. కాసేపటికి చెమటలు, గుండెదడ, కళ్లు తిరగడం. బైపాస్ తర్వాత తీపి ఒక్కసారిగా పేగులోకి దిగితే అలా అవుతుంది. ప్రసాదమైతే కళ్లకద్దుకుని చిటికెడు చాలు. మీ అక్క తరఫున ఆ మాట చెప్పే మనిషి మీరూ, బావగారూ కావాలి.

ఇంజెక్షన్ల సంగతి అడిగారు. మౌంజారో అనే బరువు తగ్గించే ఇంజెక్షన్ 2025 మార్చిలో మన దేశానికి వచ్చింది, మంచి మందే. ఆపేస్తే చాలామందికి బరువు తిరిగి వస్తుంది, నెలనెలా ఖర్చు ఉంటుంది. 45 బీఎంఐకి, షుగర్‌కి కలిపి చూస్తే నేను ఆపరేషన్ వైపే ఉంటాను. ఇన్సూరెన్స్‌కి ఐఆర్‌డీఏఐ (బీమా కంపెనీలని నియంత్రించే సంస్థ) నియమాల ప్రకారం బీఎంఐ 40 దాటితే, లేదా 35 దాటి అదుపులో లేని షుగర్, తీవ్రమైన స్లీప్ ఆప్నియా లాంటివి ఉంటే క్లెయిమ్‌కి అవకాశం ఉంది. తిండి, మందులతో ప్రయత్నించినట్టు కాగితాలు కావాలి. పాత జబ్బులకి వెయిటింగ్ పీరియడ్ మూడేళ్ల దాకా ఉండొచ్చు, పాలసీ తీసి చూడండి.

సర్జన్ని మూడు సంగతులు అడగండి. ఏడాదికి ఇలాంటివి ఎన్ని చేస్తారు, డిశ్చార్జి అయ్యాక డైటీషియన్ ఎన్నాళ్లు చూస్తారు, అర్ధరాత్రి తేడా వస్తే ఎవరికి ఫోన్ చేయాలి. మాకు రాత్రిపూట పంటు ఉండదు, చించినాడ బ్రిడ్జి మీదుగా చుట్టూ తిరిగి వెళ్లాలి. అందుకే డిశ్చార్జి తర్వాత కొన్నాళ్లు ఆస్పత్రి ఉన్న ఊళ్లోనే మా పిన్ని ఇంట్లో ఉన్నాను. మీరూ అలాంటి ఏర్పాటు ముందే చూసుకోండి.

మీ అక్కకి భయంగా ఉంటే నాతో మాట్లాడమనండి. ఆడవాళ్లు ఆడవాళ్లతోనే అడగగలిగేవి కొన్ని ఉంటాయి. సాయంత్రం ఏడు దాటాక ఇంట్లోనే ఉంటాను, ఇక్కడ మెసేజ్ పెడితే జవాబిస్తాను.