పని బోటుగా మార్చిన పాత బోటు: చీలిన ట్రాన్సమ్‌కు బాధ్యులెవరు?

ప్రశ్న: విహారాలకు వాడిన 9 మీటర్ల ఫైబర్‌గ్లాస్ బోటును ‘ఉన్నది ఉన్నట్టుగా’ అన్న షరతుపై కొన్నాను. తీరానికి దూరంగా మనుషుల్ని, సరుకుల్ని వేగంగా చేరవేయడానికి దాన్ని ఒక యార్డులో తిరగ్గట్టించాను. రెండు 150 హెచ్‌పీ అవుట్‌బోర్డ్ ఇంజిన్లు తీసి రెండు 250 హెచ్‌పీవి బిగించారు. మూడో ట్రయల్‌లో ఇంజిన్లు మోసే ట్రాన్సమ్ (బోటు వెనక గోడ) చీలింది. లోపలి ప్లైవుడ్ ఎప్పుడో కుళ్లిందని యార్డు, పెద్ద ఇంజిన్లు పెట్టడమే తప్పని అమ్మినవారు అంటున్నారు. మిగతా బిల్లు, రోజువారీ అద్దె కడితేగానీ బోటు ఇవ్వమని యార్డు అంటోంది. నేనేం చేయాలి?

జవాబు: బిల్లు గొడవ నాలుగు రోజులు ఆగినా ఫరవాలేదు. ఆ ట్రాన్సమ్‌ను మాత్రం మరమ్మతు పేరుతో ఎవరినీ కోయనివ్వకండి. మీ సాక్ష్యమంతా దాని లోపలే ఉంది.

ఇవాళే అమ్మినవారికి, యార్డుకు, బీమా కంపెనీకి రాతపూర్వకంగా నోటీసు ఇవ్వండి: ఫలానా తేదీన స్వతంత్ర సర్వేయర్ (బోట్లను పరీక్షించే నిపుణుడు) పరీక్షిస్తారు, మీ నిపుణులతో రండి అని. పిలిచినా రానివారు తర్వాత ఆ నివేదికను ఏకపక్షమని కొట్టిపారేయడం కష్టం. సుత్తితో తట్టి వినడం, తేమ మీటరు పెట్టడం మొదటి అంచనాకే పనికొస్తాయి. ఉప్పు, రాగి కలిసిన అడుగు రంగు, లోపలి లోహపు బిగింపులు మీటరును తప్పుదారి పట్టిస్తాయి. హోల్ సాతో (గుండ్రంగా కోసే రంపంతో) 25 మిల్లీమీటర్ల ముక్కలు తీయాల్సిందే: పాత బోల్టు రంధ్రాల పక్కన, కొత్తవాటి పక్కన, డ్రెయిన్ ప్లగ్ దగ్గర, పై అంచున, వీటన్నిటికీ దూరంగా ఒక మూలన. ఒక్కో ముక్కను రెండు చేసి, సంచుల్లో సీలు వేసి, అందరి సంతకాలూ తీసుకోండి. ఒక భాగం ల్యాబుకు, రెండోది సర్వేయర్ దగ్గర. ఇంజిన్ల కంప్యూటర్‌లో నమోదైన ఆర్‌పీఎం, గంటల వివరాలు కూడా ఆ రోజే దింపించండి.

బాధ్యత ఎవరిదో ఆ ముక్కలు చెబుతాయి. కలప నల్లబడి మెత్తగా రాలుతూ, ఆ మచ్చ పాత రంధ్రాల నుంచి పాకి ఉంటే అది ఏళ్లనాటి కుళ్లు. కొత్త రంధ్రాలకు సీలెంట్ సరిగా పెట్టకపోతే కొన్ని రోజుల్లోనే కలప తడుస్తుంది, కానీ అంతలోనే కుళ్లదు. కలప గట్టిగానే ఉండి, ట్రాన్సమ్ స్ట్రింగర్లను (బోటు అడుగున పొడవునా ఉండే దూలాలను) కలిసేచోట ఫైబర్ పొర ఊడివస్తే, తప్పు బలం లెక్కలోనో అతుకు పనిలోనో ఉంది.

పాత కుళ్లు బయటపడినా యార్డు చేతులు దులుపుకోలేదు. కొత్త రంధ్రాలు వేసేటప్పుడు కుళ్లిన చోట డ్రిల్లు వెంట తడిసిన నల్లటి పొట్టు వస్తుంది. అది చూసి పని ఆపి మీకు చెప్పాల్సింది వాళ్లే. చాలా దేశాల చట్టాలు కోరే తగిన నైపుణ్యం, శ్రద్ధ అంటే ఇదే. బోటు ఏ పనికో వారికి ముందే తెలుసని చూపే సందేశాలు, కొటేషన్ బయటికి తీయండి. తయారీదారు ప్లేటుపై గరిష్ఠ హెచ్‌పీ ఎంతుందో ఫొటో తీయండి. 500 హెచ్‌పీ ఆ హద్దు దాటి, యార్డు రాతలో వద్దన్నా మీరే పట్టుబట్టి ఉంటే మీ వాదన బాగా బలహీనపడుతుంది.

అమ్మినవారిని ‘ఉన్నది ఉన్నట్టుగా’ షరతు చాలావరకు కాపాడుతుంది. తెలిసి దాచిన లోపానికి, చెప్పిన అబద్ధానికి ఆ రక్షణ ఉండదు. అమ్మకానికి ముందు పగుళ్ల మీద పూసిన కొత్త జెల్‌కోట్ (ఫైబర్‌గ్లాస్ పై పూత) గానీ, ‘ట్రాన్సమ్ పొడిగా ఉంది’ అన్న ప్రకటన గానీ దొరికితే వారిపైనా దావా వేయొచ్చు. కానీ వారు అమ్మింది విహార బోటు. పెద్ద ఇంజిన్లను మోయలేదన్న ఒక్క కారణంతో వారిని పట్టలేం.

ఇక బోటును ఆపడం. చేసిన పనికి సొమ్ము రావాల్సి ఉంటే, బోటు తన స్వాధీనంలో ఉన్నంతవరకు యార్డుకు సాధారణంగా ఆ హక్కు ఉంటుంది. అద్దె సంగతి వేరు. తన బాకీ కోసం తానే ఆపి ఉంచిన ఓడకు నిలుపుదల ఖర్చు వసూలు చేయడం కుదరదని 1860లో బ్రిటన్‌లోని హౌస్ ఆఫ్ లార్డ్స్ సోమ్స్ కేసులో తేల్చింది. ఆ సూత్రం నడిచే దేశాల్లో, ఒప్పందంలో రాసుకుంటే తప్ప అద్దె అడగలేరు. వివాదంలో ఉన్న మొత్తాన్ని కోర్టులోనో ఇరుపక్షాల లాయర్ల ఉమ్మడి ఖాతాలోనో జమచేసి బోటు విడిపించుకోండి. నేరుగా కట్టాల్సివస్తే ‘అభ్యంతరంతో చెల్లిస్తున్నాను’ అని రాసి కట్టండి. ‘పని సంతృప్తికరం’ అన్న కాగితం మీద సంతకం పెట్టకండి.

బీమా పాలసీ విహార వాడకానికే ఉంటే, పని బోటుగా మార్చిన విషయం దాచొద్దు. వేగం కూడా చూడండి: యాట్ పాలసీల్లో ఎక్కువగా వాడే ఇన్‌స్టిట్యూట్ క్లాజులనే ప్రామాణిక బీమా షరతుల్లో 17 నాట్ల (గంటకు దాదాపు 31 కి.మీ.) వేగం దాటే బోట్లకు వేరే నిబంధనలున్నాయి.

మళ్లీ కట్టించేటప్పుడు ట్రయల్ షరతులను ఒప్పందంలోనే రాయించండి. నిండు ఇంధనం, పూర్తి బరువుతో ఎదురెదురు దిశల్లో నడిపి సగటు వేగం తీయాలి. పూర్తి థ్రాటిల్‌లో ఆర్‌పీఎం తయారీదారు చెప్పిన పరిధిలోకి రావాలి. 10 గంటల తర్వాత బోల్టుల బిగువు, ట్రాన్సమ్ కదలిక మళ్లీ చూడాలి. ఆఖరి వాయిదా సొమ్ము ఆ తనిఖీ అయ్యాకే.