రెండెకరాలు అమ్మి కంప్యూటర్ సీటు కొనాలా?

ప్రశ్న: మాది అనంతపురం దగ్గర హైవే పక్క పల్లె. ఆరెకరాలుంది. అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ. బెంగళూరులో కంప్యూటర్ సైన్స్, ఏఐ బ్రాంచిలో మేనేజ్‌మెంట్ సీటు మాట్లాడాం. రోడ్డు పక్కనున్న రెండెకరాలు వెంచర్ వాళ్లు అడుగుతున్నారు, అమ్మితే ఫీజుకు సరిపోతుంది. అమ్మాయి మాత్రం ప్లానింగ్ చదువుతానంటోంది. పొలాలు ప్లాట్లు కాకుండా చూసే ఉద్యోగమట! అలాంటిది నిజంగా ఉందా సార్? రెండింటినీ పోల్చి చెప్పండి. మా చిన్నవాడు కూడా బైపీసీ తీసుకుని వ్యవసాయం చదువుతానంటున్నాడు.

జవాబు: పోల్చమని అడిగారు కానీ, మీ భయం జీతాల గురించి కాదు. పిల్లలిద్దరూ తిరిగి మట్టిలోకే వస్తారేమోనని. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే చోట వేరుశనగ వేసి మబ్బుల వైపు చూసిన మనిషికి ఆ భయం ఉండటంలో తప్పు లేదు. హైవే పక్క పల్లెల నుంచి నాకు ఇదే ప్రశ్న ఎన్నోసార్లు వచ్చింది. ఎకరాల లెక్క ఒక్కటే మారుతుంది.

ఉద్యోగం ఉంది. విజయవాడలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లో బీప్లాన్ అనే నాలుగేళ్ల ప్లానింగ్ డిగ్రీ చదివినవాళ్లు చేసే పని ఏమిటో మీ ఊరి భాషలో చెబుతాను. వెంచర్ వేసేటప్పుడు ముందు ఎర్రమట్టి తోలి నేల చదును చేస్తారు, ఆ తర్వాత తెల్లరాళ్లు పాతుతారు. ఆ చదునులో చిన్న వంక, అంటే వాననీరు పారే వాగు, ఒకటి పూడిపోతుంది. ఎండాకాలంలో అది వంక అని ఎవరికీ అనిపించదు కూడా. వాన వచ్చిన రోజు ఆ నీరు చెరువుకు పోకుండా కింది రైతు చేనులో నిలబడుతుంది. చెరువు నిండదు, ఆయకట్టు తడవదు, చుట్టుపక్కల చీనీ (బత్తాయి) తోటల బోర్లలో నీరు ఇంకా కిందికి పోతుంది. అమ్మినది రెండెకరాలే, దెబ్బ తగిలింది ఊరంతటికీ. ఏ వంకను ముట్టుకోకూడదు, ఏ సర్వే నంబర్లు వ్యవసాయ జోన్‌లోనే ఉండాలి, గోదాము, మార్కెట్ యార్డు ఎక్కడ పెడితే రైతుకు దూరం తగ్గుతుంది అని మాస్టర్ ప్లాన్‌లో గీసి, అందుకు కారణాలు రాసేవాళ్లు ప్లానర్లు. పట్టణాభివృద్ధి సంస్థల్లో, టౌన్ ప్లానింగ్ శాఖలో, సలహా సంస్థల్లో ఉంటారు.

అమ్మాయికి ఇంకో మాట కూడా చెప్పండి. ప్రభుత్వ నోటిఫికేషన్లు ఏటా రావు. వచ్చినా పోస్టులు తక్కువ. ప్లానింగ్ చదివి, చివరికి అదే వెంచర్లకు లేఅవుట్లు గీస్తూ బతికేవాళ్లున్నారు. చట్టం తోడుంటుందని కూడా ఆశ పెట్టుకోవద్దు. 2006లో వచ్చి, 2025లో రద్దయిన నాలా చట్టం సాగుభూమిని మార్చాలంటే అనుమతి తీసుకో, రుసుము కట్టు అని చెప్పింది. ఏ భూమిని ఎంత రుసుము కట్టినా మార్చకూడదో దాంతో తేలలేదు. రాజ్యాంగం పదకొండో షెడ్యూలులో మొదటి అంశం వ్యవసాయం, రెండోది భూమి అభివృద్ధి. అంటే ఇవి పంచాయతీలకు అప్పగించదగిన పనులే. కానీ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక అనగానే సిమెంటు రోడ్డు, డ్రైనేజీ దగ్గరే ఆగిపోయే ఊళ్లెన్ని లేవు! ఆ ఖాళీలో పని చేయాలనుంటే బీప్లాన్ తర్వాత గుజరాత్‌లో ఆణంద్‌లోని ఇర్మా అనే సంస్థలో గ్రామీణ మేనేజ్‌మెంట్ చదవవచ్చు. రైతుల సహకార సంఘంతో పని చేసే టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ చెన్నేకొత్తపల్లిలోనే ఉంది. ఒకసారి వెళ్లి చూసి రమ్మనండి.

ఇక ఏఐ. మంచి కళాశాలలో ర్యాంకుతో వచ్చిన సీటైతే నేను అడ్డు చెప్పను. మొదటి జీతం ప్లానింగ్ కంటే ఎక్కువే రావచ్చు. నా అనుమానమంతా కొనుక్కునే సీటు మీదే. చాలా చోట్ల బ్రాంచి పేరుకు ఏఐ అని తగిలించారు కానీ పాఠం చెప్పేవాళ్లు పాతవాళ్లే, ల్యాబులూ పాతవే. నాలుగేళ్ల తర్వాత ఆ పేరు విలువ ఎంతో నేను చెప్పలేను, సీటు మాట్లాడిపెట్టిన మధ్యవర్తి అసలే చెప్పలేడు. పిల్లకు ఇష్టం లేని సబ్జెక్టును భూమి ధర పెట్టి కొనడమేమిటి?

కోప్పడుతున్నానని అనుకోకండి. ఒకవేళ అనుకున్నా ఫరవాలేదు. ఆ రెండెకరాలు అమ్మాలని మీకు ఎప్పటి నుంచో ఉంది, ధర ఊరిస్తోంది. అమ్ముకోండి, అది మీ హక్కు. కానీ ‘నీ చదువు కోసమే అమ్మాను’ అన్న మాట పదిహేడేళ్ల పిల్ల నెత్తిన పెట్టకండి. మొదటి సెమిస్టర్‌లో ఒక పేపరు పోతే ఆ పిల్లకు మార్కుల మెమోలో కనబడేది మీ పొలమే. పొలం అమ్మిన మరుసటి ఏడాదే సబ్జెక్టులు మిగిలిపోయి, ఇంటికి ఫోను చేయడం కూడా మానేసిన ఒక కుర్రవాణ్ణి నేను చూశాను.

ఫీజే అడ్డమైతే, ఏడున్నర లక్షల వరకు తాకట్టు లేకుండా విద్యారుణం ఇచ్చేందుకు కేంద్రం హామీ పథకం ఉంది. ముందు బ్యాంకుకు వెళ్లండి, వెంచర్ ఆఫీసుకు కాదు. చిన్నవాడి సంగతి ఇంకా తేలిక. బీఎస్సీ అగ్రికల్చర్‌లో రైతు కోటా ఉంది, నంద్యాల జిల్లా మహానందిలో వ్యవసాయ కళాశాల ఉంది. పల్లెలో చదివి ఉండాలి, ఇంట్లోవాళ్ల పేరున సాగుభూమి ఉండాలి అన్నవి ఆ కోటా షరతులే. మీరు బరువనుకుంటున్న పాసుపుస్తకమే వాడికి సర్టిఫికెట్ అవుతుంది. చేను దున్నే పని ఇద్దరిలో ఎవరికీ రాకపోవచ్చు. చేను గురించి తెలిసినవాళ్లకు జీతమిచ్చే పనులు మీరు అనుకున్నదానికంటే ఎక్కువే ఉన్నాయి.

వెంచర్ వాళ్లకు మాట ఇచ్చే ముందు ఒక పూట అమ్మాయిని వెంటబెట్టుకుని మీ ఊరి సచివాలయానికి వెళ్లండి. ఆ రెండెకరాలు మాస్టర్ ప్లాన్‌లో ఏ జోన్‌లో ఉన్నాయో, సర్వేయర్ దగ్గరి ఎఫ్ఎంబీలో, అంటే పొలం కొలతల పుస్తకంలో, వంక గీత ఉందో లేదో అడగండి. సర్వే నంబరు రాసిన కాగితం మాత్రం అమ్మాయి చేతికే ఇచ్చి, ఆమెనే అడగనివ్వండి.