బొమ్మ కథ చెప్పబోయే అమ్మలుకి

అమ్మలూ,

నువ్వు బ్లడ్‌బోర్న్ అనే వీడియో గేమ్ కథ మీద తెలుగులో వీడియోలు మొదలుపెడుతున్నావని మీ నాన్న నిన్న ఫోన్‌లో చెప్పాడు. "నీ పిచ్చే దానికీ అంటుకుందిరా" అని విసుక్కున్నాడు. నాకు నవ్వొచ్చింది, గర్వంగానూ అనిపించింది. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

మంచి మైక్ కొనుక్కో. ఆటలో దొరికే బొడ్డుతాడు ముక్కలు మూడు వాడి, ముసలి వేటగాడు గెర్మన్ మాట కాదన్నాక వచ్చే ముగింపు చూడకుండా నోరు విప్పకు. "అంతా కలే" అనే థియరీ జోలికి పోకు, దాంతో ఏదైనా నిరూపించేయొచ్చు.

ఇక అసలు సంగతి. ఆట 2015 మార్చిలో వచ్చింది. హంటర్స్ డ్రీమ్ అనే కలలాంటి చోట చక్రాల కుర్చీలో ముసలి గెర్మన్, మెట్ల పక్కన మనిషంత బొమ్మ. గోతిక్ కథల్లో ఇలాంటి బొమ్మ కనిపించిందంటే వెనక ఎవరో పోయిన ఆడమనిషి ఉంటుంది. ఆయన కూతురేనని తేల్చేశాను. పాత వర్క్‌షాప్‌లో దొరికే జడ నగ తెచ్చిస్తే బొమ్మ కన్నీరు పెట్టుకుంటుంది కదా, ఇంకేం సాక్ష్యం కావాలి! ఇరవై పేజీలు రాసి ఆన్‌లైన్‌లో పెట్టాను.

బొమ్మ బట్టల గురించి ఆటలో ఇచ్చిన వివరణ కూడా ఎత్తి రాశాను, ఎంత ప్రేమగా కుట్టారో అని. ఆ ప్రేమ ఉన్మాదం అంచుదాకా వెళ్ళిందని ఆ వెంటనే ఉంటుంది. తండ్రి ప్రేమకి ఆ మాట అతకలేదు. అక్కడ మూడు చుక్కలు పెట్టేశాను. ఒక కుర్రాడు అడిగాడు, "అన్నా, ఆ చుక్కల దగ్గర ఏముంది?" అని. తెలియక కాదు, మర్యాదకి అడిగాడు. "ముందు ఆట పూర్తిచేసి రా తమ్ముడూ" అని అందరి ముందూ వెక్కిరించాను. అతను మళ్ళీ రాయలేదు.

నవంబరులో ఆ ఆటకి ఓల్డ్ హంటర్స్ అనే అదనపు భాగం వచ్చింది. గడియారపు గోపురంలో లేడీ మరియా, అచ్చం బొమ్మ ముఖం. గెర్మన్ శిష్యురాలట. ఆయన వింత ఉన్మాదం సంగతి పాపం ఆవిడకి తెలియదని ఆవిడ బట్టల వివరణలో ఉంది. నేను చుక్కల కింద పాతిపెట్టిన మాటే!

నాకు కూతురే ఎందుకు కనిపించిందో ఇప్పుడు తెలుసులే. ఆ వేసవిలోనే మీరు ఇల్లు ఖాళీచేసి వైజాగ్ వెళ్ళిపోయారు. నీ జామకాయల ఉప్పుకారం అంటిన రెండో కంట్రోలర్ ఇంకా నా బీరువాలోనే ఉంది, తుడవలేదు.

ఈ ఆట తీసిన హిదెటకా మియాజాకి చిన్నప్పుడు తనకు అర్థంకాని పుస్తకాలు చదువుతూ తెలియని చోట్ల సొంతంగా ఊహించుకునేవాడట. నువ్వూ ఊహించు తల్లీ, కానీ అది నీ ఊహ అని పైకి చెప్పు. అర్ధరాత్రి దాకా ఎడిటింగ్ అని కూర్చున్నావని తెలిస్తే మాత్రం ఊరుకోను.

మొదటి స్క్రిప్టు నాకు పంపు. చుక్కలెక్కడున్నాయో ముందు అవే చూస్తాను.

బాబాయి