పీహెచ్‌డీ గైడ్‌షిప్‌కు అర్హత ఏమిటి, దరఖాస్తు ఎవరికి రాయాలి?

మాస్టారూ, నమస్కారం. విశాఖలో ఒక అనుబంధ పీజీ కళాశాల తెలుగు శాఖలో రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా ఉన్నానని, పీహెచ్‌డీ వచ్చి నాలుగేళ్లయిందని, అచ్చయిన వ్యాసాలు రెండే ఉన్నాయని, అవి చాలని ఒక సహోద్యోగి చెప్పారని రాశారు. మీకు గైడ్‌షిప్, అంటే పీహెచ్‌డీ విద్యార్థుల పరిశోధనను పర్యవేక్షించే గుర్తింపు, వస్తుందా, దానికోసం శాఖాధిపతిని కలవాలా, బోర్డ్ ఆఫ్ స్టడీస్ చైర్మన్‌ను కలవాలా, డీన్‌ను కలవాలా అని అడిగారు. అమెరికాలో చదువుతున్న మీ తమ్ముడు చెప్పే ‘గ్రాడ్యుయేట్ ఫ్యాకల్టీ’, మన గైడ్‌షిప్ ఒకటేనా అన్నది చివరి సందేహం.

నేను ఇదే ఊళ్లో అర్థశాస్త్రం చెబుతాను. స్కాలర్‌గా, అంటే పరిశోధక విద్యార్థిగా ఉన్నప్పుడు ఈ నిబంధనల వల్ల ఏడ్చాను. గైడ్ అయ్యాక అవి ఎందుకున్నాయో తెలిసింది. ఇప్పుడు కమిటీలో కూర్చుని ఇతరుల ఫైళ్లు చూస్తున్నాను. నా జీవితంలో ఏడు నెలలు మీ రెండో ప్రశ్న దగ్గరే పోయాయి కాబట్టి ముందు దానికే జవాబు చెబుతాను.

నా సిద్ధాంత గ్రంథంలో ఇంకా రెండు అధ్యాయాలు మిగిలి ఉండగా మా గైడ్ గారు పదవీ విరమణ చేశారు. ఆయన చాలా మంచి గురువు. ఆఖరి రోజు సాయంత్రం కూడా నా చిత్తుప్రతి దిద్ది చేతికిచ్చారు. మర్నాటి నుంచి నా కాగితాల మీద సంతకం పెట్టే అధికారం ఆయనకు లేకుండా పోయింది. సర్వీసులో ఉన్న మరొకరిని గైడ్‌గా చూపించమన్నారు. అదే శాఖలో ఒక మేడమ్ గారు ఒప్పుకున్నారు. ఆవిడ అంగీకార పత్రం జత చేసి శాఖాధిపతి గారికి దరఖాస్తు ఇచ్చాను. అది ఏ విశ్వవిద్యాలయమో ఇక్కడ రాయను.

శాఖాధిపతి గారు బోర్డ్ ఆఫ్ స్టడీస్ చైర్మన్ గారి సంతకం తెమ్మన్నారు. చైర్మన్ గారు ముందు శాఖ పరిశోధక కమిటీ తీర్మానం కావాలన్నారు. ఆ కమిటీని పిలవాల్సింది మళ్లీ శాఖాధిపతి గారే. ఇంతలో వంతు ప్రకారం శాఖాధిపతి మారారు. కొత్తవారు ఫైలు మొదటి నుంచి చూస్తానన్నారు. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం గాజువాకలో బస్సు ఎక్కి, కాగితాలు వానకు తడవకుండా చీరల కొట్టు కవరులో పెట్టుకుని వెళ్లేదాన్ని. వరండాలో బెంచీ మీద కూర్చుని, సార్ వచ్చారా అని అటెండరును అడగడమే పని. ఆ ఏడు నెలల్లో ఒక్క పేజీ కూడా రాయలేకపోయాను.

ఏడో నెలలో ఒక సూపరింటెండెంట్ గారు నా దరఖాస్తును బల్ల మీద పరిచి, మొదటి వరుస కింద పెన్సిల్‌తో గీత గీశారు. ‘అమ్మా, ఇది మీరు శాఖాధిపతి గారికి రాశారు. అందుకే ఆయన దగ్గరే ఆగింది. రిజిస్ట్రార్ గారికి రాసి, కింద శాఖాధిపతి గారి ద్వారా అని పెట్టండి. అప్పుడు అది ఆయన పైకి పంపాల్సిన కాగితం అవుతుంది’ అన్నారు. ఆ రాత్రే తిరగరాశాను. నెల తిరగకుండా ప్రొసీడింగ్స్ (గైడ్ మార్పు ఉత్తర్వులు) చేతికి వచ్చాయి. ఆ పెన్సిల్ గీత ఉన్న కాగితం ఇప్పటికీ నా బీరువాలో ఉంది.

ఇక అధికారుల సంగతి. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాలు ఎక్కువ భాగం 1991 నాటి ఆంధ్రప్రదేశ్ విశ్వవిద్యాలయాల చట్టం కింద నడుస్తాయి. 1926లో తనకంటూ ఒక చట్టంతో పుట్టిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కూడా ఇప్పుడు దీని కిందే ఉంది. ఉపకులపతి, రెక్టార్, రిజిస్ట్రార్ అధికారులు. పాలక మండలి, అకడమిక్ సెనేట్, బోర్డ్ ఆఫ్ స్టడీస్ మండళ్లు. అధికారి సంతకం పెడతారు, మండలి తీర్మానం చేస్తుంది. మన కాగితానికి ఎక్కడ సంతకం చాలు, ఎక్కడ తీర్మానం ఉండాలి అన్నది తెలియక తిరిగేవాళ్లే ఎక్కువ. ఉపకులపతి గారిని నేరుగా కలిస్తే పని అయిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. తీర్మానం కావాల్సిన చోట ఆయన కూడా ఫైలును కింది మెట్టుకే పంపుతారు.

శాఖాధిపతి శాఖ రోజువారీ వ్యవహారాలు చూస్తారు, మీ కాగితాన్ని తన అభిప్రాయంతో పైకి పంపుతారు. బోర్డ్ ఆఫ్ స్టడీస్ చైర్మన్‌ది పాఠ్యప్రణాళిక, పరీక్షకుల జాబితాల పని. కొన్ని శాఖల్లో ఈ రెండు పదవుల్లో ఇద్దరు ఉంటారు, కొన్నింట్లో ఒక్కరే రెండూ చూస్తారు. మీ కళాశాల అనుబంధంగా ఉన్న విశ్వవిద్యాలయంలో ఎలా ఉందో ముందు కనుక్కోండి. పరిశోధన వ్యవహారాల డీన్ కార్యాలయంలో మీ అర్హతలు సరిచూస్తారు. చివరి ఉత్తర్వు రిజిస్ట్రార్ గారి పేరు మీద వస్తుంది. మీరు అనుబంధ కళాశాలలో ఉన్నారు కాబట్టి దరఖాస్తు రిజిస్ట్రార్ గారికి, మీ ప్రిన్సిపాల్ గారి ద్వారా రాయాలి. ప్రిన్సిపాల్ గారి కవరింగ్ లెటర్‌లో మీరు చేరిన తేదీ, మీది రెగ్యులర్ పోస్టు అన్న మాట స్పష్టంగా ఉండేలా చూసుకోండి. నేను చూసిన ఫైళ్లలో తిరిగి వచ్చినవి ఎక్కువగా ఆ ఒక్క మాట లేకనే.

అర్హత విషయానికొస్తే, ఇప్పుడు అమల్లో ఉన్నవి విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2022 నవంబరులో ప్రకటించిన పీహెచ్‌డీ నిబంధనలు. వాటి ప్రకారం ప్రొఫెసర్‌కైనా అసోసియేట్ ప్రొఫెసర్‌కైనా పీహెచ్‌డీతో పాటు పీర్ రివ్యూ పత్రికల్లో (అచ్చుకు ముందు అదే రంగపు నిపుణులు వ్యాసాన్ని పరిశీలించేవి) కనీసం 5 వ్యాసాలు ఉండాలి. అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు 3 చాలు. మీకు రెండు చాలని చెప్పిన సహోద్యోగి అబద్ధం చెప్పలేదు. 2016 నాటి నిబంధనల్లో అసోసియేట్, అసిస్టెంట్ ప్రొఫెసర్లకు రెండే అడిగేవారు. ఆయన గైడ్‌షిప్ ఆ కాలంలో వచ్చి ఉంటుంది. ఇవి యూజీసీ పెట్టిన కనీస షరతులు. విశ్వవిద్యాలయం వీటికి తన షరతులు కొన్ని కలుపుకోవచ్చు కాబట్టి, వారి తాజా ఉత్తర్వు ప్రతి తప్పక సంపాదించండి.

నేను గైడ్‌షిప్‌కు దరఖాస్తు చేసింది 2016 నిబంధనల కిందే. రెండు వ్యాసాలు చూపించాను, ఫైలు వెనక్కి వచ్చింది. అందులో ఒకటి సదస్సు వ్యాసాల సంకలనంలో అచ్చయింది. దానికి పుస్తకాలకిచ్చే ఐఎస్‌బీఎన్ నంబరు ఉంది, పత్రికలకిచ్చే ఐఎస్ఎస్ఎన్ లేదు. సంకలనం పుస్తకం కిందికి వస్తుంది, పత్రిక కిందికి రాదు. అది తెలుసుకోవడానికి నాకు ఒక విద్యా సంవత్సరం పట్టింది. మీ రెండు వ్యాసాలూ తీసి ఈ రోజే చూడండి. తెలుగు శాఖల్లో సదస్సులు ఎక్కువ, సంకలనాలు ఎక్కువ. పొరపాటు అక్కడే జరుగుతుంది.

మీ సబ్జెక్టుకు సంబంధించి నిబంధనల్లోనే ఒక వెసులుబాటు ఉంది, దాన్ని చాలామంది గమనించరు. పీర్ రివ్యూ పత్రికలు అసలు లేని, లేదా బాగా తక్కువగా ఉన్న విభాగాల్లో, కారణాలు రాతపూర్వకంగా నమోదు చేసి విశ్వవిద్యాలయం ఈ వ్యాసాల షరతును సడలించవచ్చు. తెలుగు సాహిత్యానికి ఇది వర్తించాలని నేను గట్టిగా నమ్ముతాను. శాసనాలు చదివి, తాళపత్ర ప్రతులు పోల్చి, ఉత్తరాంధ్ర మాండలికం మీద ఏళ్ల తరబడి పని చేసినవారిని పత్రికల లెక్కతో కొలవడం అన్యాయం. అయితే ఈ సడలింపు ఎవరి హక్కూ కాదు. మీరు కారణాలు రాసి అడగాలి, వారు కారణాలు రాసి ఇవ్వాలి. నా సలహా, దాని మీదే ఆధారపడకండి. మూడో వ్యాసం మొదలుపెట్టండి. పత్రిక ఎంపికలో ఇదివరకు యూజీసీ గుర్తించిన పత్రికల జాబితా, అదే యూజీసీ కేర్ జాబితా, చూసేవాళ్లం. 2025 ఫిబ్రవరిలో దాన్ని ఆపేశామని యూజీసీ ప్రకటించింది. ఇప్పుడు పత్రిక మంచిచెడ్డలు మనమే చూసుకోవాలి. డబ్బు కడితే వారంలో వేస్తామనే పత్రికల జోలికి వెళ్లవద్దు. కమిటీలో అలాంటి పేరు కనిపించగానే మిగతా ఫైలును కూడా అనుమానంగా చూస్తారు.

గైడ్‌షిప్ వచ్చాక మీరు ఒకేసారి నలుగురు స్కాలర్ల వరకు తీసుకోవచ్చు. అసోసియేట్‌కు 6, ప్రొఫెసర్‌కు 8. విదేశీ స్కాలర్లు ఇద్దరి వరకు ఈ లెక్కకు అదనం. మీ విశ్వవిద్యాలయం, దాని అనుబంధ పీజీ కళాశాలల పరిధిలోనే మీరు గైడ్. వేరే సంస్థ స్కాలర్‌కు కో-గైడ్‌గా మాత్రమే ఉండగలరు.

అన్నిటికంటే ముఖ్యమని నేను అనుకునేది పదవీ విరమణ నిబంధన. రిటైర్మెంటుకు మూడేళ్లలోపు సర్వీసు మిగిలినవారు కొత్త స్కాలర్లను తీసుకోకూడదు. అప్పటికే ఉన్నవారికి విరమణ వరకు గైడ్‌గా, ఆ తర్వాత 70 ఏళ్ల వయసు దాటనంత వరకు కో-గైడ్‌గా కొనసాగవచ్చు. ఇది చదివినప్పుడు నా ఏడు నెలలు గుర్తొచ్చాయి. పీహెచ్‌డీకి కనీస గడువు మూడేళ్లు, గరిష్ఠం ఆరేళ్లు. అలాంటప్పుడు ఏడాదిలో వెళ్లిపోయేవారు కొత్త స్కాలర్‌ను తీసుకోవడమంటే, ఆ పిల్లను సగం దారిలో దించేస్తామని తెలిసే బండి ఎక్కించుకోవడం. నిరుడు నర్సీపట్నం నుంచి ఒక అమ్మాయి వచ్చింది. పేరున్న ప్రొఫెసర్ గారి దగ్గరే చేస్తానని పట్టుబట్టింది. ఆయనకు రెండున్నరేళ్ల సర్వీసు ఉంది. కుదరదని చెబితే కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆయనే స్వయంగా, ‘నా పుస్తకాలన్నీ వాడుకో తల్లీ, సంతకం మాత్రం ఇంకొకరిది ఉండనీ’ అని చెప్పి, చిన్న వయసు అసోసియేట్ ఒకరి దగ్గర చేర్పించారు. మంచి గైడ్ చేయాల్సిన పని అది.

కాంట్రాక్టు పద్ధతిలో ఉన్న మన మిత్రులకు ఈ నిబంధనల్లో చోటు లేదు. పదిహేనేళ్లుగా పాఠాలు చెబుతూ, పీహెచ్‌డీ ఉండి, నాకంటే ఎక్కువ వ్యాసాలు రాసినవారు నాకు తెలుసు. రెగ్యులర్ పోస్టు లేదు కాబట్టి వారు గైడ్ కాలేరు. దీనికి నా దగ్గర సమాధానం లేదు, బాధ మాత్రం ఉంది.

మీ తమ్ముడు చెప్పినదీ మనదీ దగ్గరగా ఉంటాయి గానీ ఒకటి కాదు. అమెరికాలో చాలా విశ్వవిద్యాలయాల్లో ఉద్యోగంలో చేరినంత మాత్రాన పీహెచ్‌డీ కమిటీకి అధ్యక్షత వహించే అర్హత రాదు. గ్రాడ్యుయేట్ ఫ్యాకల్టీ సభ్యత్వం విడిగా తెచ్చుకోవాలి. సాధారణంగా శాఖ ప్రతిపాదిస్తుంది, గ్రాడ్యుయేట్ స్కూల్ డీన్ గానీ గ్రాడ్యుయేట్ కౌన్సిల్ గానీ ఆమోదిస్తారు. చాలా చోట్ల సభ్యత్వంలో తరగతులుంటాయి. పూర్తి సభ్యులు పీహెచ్‌డీ కమిటీలకు అధ్యక్షులు కావచ్చు, కింది తరగతివారు కమిటీలో కూర్చోవచ్చు గానీ నడిపించలేరు. కార్నెల్‌లో అయితే శాఖలతో ముడిపెట్టకుండా ‘ఫీల్డు’లని పెట్టుకున్నారు. ఒకే ఆచార్యుడు ఒకటికి మించిన ఫీల్డుల్లో సభ్యుడు కావచ్చు, ప్రతి ఫీల్డుకూ ఒక డైరెక్టర్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్టడీస్ ఉంటారు.

అక్కడి పద్ధతిలో నాకు నచ్చినది ఒకటుంది. చాలా విశ్వవిద్యాలయాల్లో ఆ సభ్యత్వానికి గడువు ఉంటుంది. గడువు తీరాక, ఈ మధ్య ఏం రాశారు, ఎంతమంది విద్యార్థులను గట్టెక్కించారు అని చూసి పొడిగిస్తారు. మన దగ్గర ఒకసారి ప్రొసీడింగ్స్ వచ్చాయంటే సాధారణంగా పదవీ విరమణ దాకా ఎవరూ అడగరు. స్కాలర్ పురోగతిని చూడటానికి ప్రతి సెమిస్టరుకు పరిశోధక సలహా కమిటీ ఉంది, మంచిదే. కానీ ఆ కమిటీకి కన్వీనర్ గైడే. గైడ్ వల్లే ఇబ్బంది పడుతున్న స్కాలర్ అక్కడ నోరు విప్పగలదా? కన్వీనర్‌గా మరొకరు ఉండాలని, గైడ్‌షిప్‌ను కొన్నేళ్లకొకసారి సమీక్షించాలని నేను సమావేశాల్లో అడుగుతూనే ఉన్నాను. మీరు గైడ్ అయ్యాక మీరూ అడగండి.

ఇంకొకటి. ప్రతి విశ్వవిద్యాలయం తన గైడ్ల జాబితాను, వారి దగ్గర ఉన్న స్కాలర్ల పేర్లు, అంశాలు, చేరిన తేదీలతో సహా వెబ్‌సైట్‌లో పెట్టి ఏటా సవరించాలని 2022 నిబంధనలు చెబుతున్నాయి. మీ దరఖాస్తుకు ముందు ఆ జాబితాలో తెలుగు శాఖ పేజీ చూడండి. ఎవరి దగ్గర ఎంతమంది ఉన్నారో తెలిస్తే, మీ సబ్జెక్టుకు గైడ్ల అవసరం ఎంతుందో దరఖాస్తులోనే రాయవచ్చు. కాగితం ఇచ్చిన చోట ఇన్వర్డ్ నంబరు, తేదీ మీ ప్రతి మీద వేయించుకోండి. ఆ నంబరు లేకపోతే ఫైలు ఎక్కడుందని అడిగే అవకాశమే ఉండదు.

మూడో వ్యాసం ఆమోదమైన రోజు ఇక్కడే రాయండి. దరఖాస్తు చిత్తుప్రతి కూడా పెడితే, మొదటి వరుస నుంచి సంతకం దాకా నేను చూసి పెడతాను.